నానమ్మ గుండె పట్టీ, చేతి వాచీ ఏం మాట్లాడుకుంటాయి?

చిరంజీవి చిన్నీకి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నీ అడిగింది కదా, "తాతయ్యా, నానమ్మ ఛాతీకి కట్టిన పట్టీ, చేతి వాచీ గాల్లోనే మాట్లాడుకుంటాయి కదా, మరి పక్కవాళ్ళు దొంగతనంగా వింటే?" అని. అది ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం.

వినొచ్చు. వినడమే కాదు, తప్పుడు మాట చెప్పొచ్చు కూడా. 2008లో అమెరికాలో కొందరు పరిశోధకులు గుండెకి షాక్ ఇచ్చే ఒక పరికరాన్ని తెచ్చుకుని (మనిషి ఒంట్లో ఉన్నది కాదులెండి, బల్లమీద పెట్టినది), రేడియోతో దాని మాటలు విని, దానిచేత షాక్ కూడా ఇప్పించారు. అప్పటి ఆ దేశ ఉపాధ్యక్షుడు డిక్ చెనీకి 2007లో గుండె పరికరం మార్చినప్పుడు ఈ భయంతోనే దాని వైర్‌లెస్ ఆపించారు. కాబట్టి నీది పిచ్చి ప్రశ్నేమీ కాదమ్మా.

పాస్‌వర్డ్ పెట్టేస్తే పోలేదా అంటాడు బాబీ. ఎక్కడ కొడతావురా? పట్టీకి కీబోర్డు లేదు, తెర లేదు, ఉన్నది గోరంత బ్యాటరీ. అందుకే 2003 ప్రాంతం నుంచి కొందరికి ఓ ఆలోచన వచ్చింది. రెండు పరికరాలూ ఒకే ఒంటిమీద ఉన్నాయి కదా, ఆ ఒంటినే రహస్యం చెప్పమంటే?

ఒక బస్సు అనుకోండి, గతుకుల రోడ్డుమీద పోతోంది. ముందు సీట్లో చిన్నీ, చివరి సీట్లో బాబీ. ఇద్దరి దగ్గరా స్టాప్‌వాచీ, కాగితం. ఒక కుదుపుకీ తర్వాతి కుదుపుకీ మధ్య ఎంతసేపు పట్టిందో రాసుకుంటూ పోతారు. మాట్లాడుకోకుండానే ఇద్దరి కాగితాల మీదా ఒకటే వరస అంకెలు వస్తాయి. ముందు చక్రం గోతిలో పడ్డ కాసేపటికి గానీ వెనక చక్రం పడదు, అంటే బాబీకి ప్రతి కుదుపూ ఆలస్యమే, అయినా మధ్య వ్యవధులు మాత్రం కలుస్తాయి, ఎందుకంటే ఆలస్యం అన్నిటికీ ఇంచుమించు ఒకటే. ఒంట్లోనూ అంతే. ఛాతీ దగ్గర గుండె కొట్టుకున్నాక ఆ తోపు మణికట్టుకి చేరేసరికి సెకనులో ఐదో వంతు అటూ ఇటూ పడుతుంది. పట్టీది ముందు సీటు, వాచీది చివరి సీటు.

చివరి సీటు అంటే గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు బడికెళ్ళే బస్సులో ఆ సీటు కోసం కొట్టుకునేవాళ్ళం, ఎందుకంటే పెద్ద గొయ్యి వస్తే తల పైకప్పుకి తగిలేది, అదో సరదా. డ్రైవరు ముసలాయన. ప్రతి గొయ్యీ ఆయనకి కంఠతా వచ్చు, "పట్టుకోండర్రా" అని ముందే అరిచేవాడు. మేము నవ్వుకుంటూ కావాలనే చేతులు వదిలేసేవాళ్ళం.

అదిగో, అలాంటి డ్రైవరుతోనే చిక్కు. రోజూ అదే రోడ్డయితే ఎవడైనా గోతులు బట్టీపట్టేస్తాడు. గుండె విషయంలో మాత్రం రోజూ కొత్త రోడ్డే, నిమిషానికో కొత్త రోడ్డు. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే ఒక్కో వ్యవధి సగటున సుమారు 857 మిల్లీసెకన్లు (సెకనులో వెయ్యో వంతు ఒక మిల్లీసెకను), కానీ ఒకటి 830, ఇంకోటి 880, అలా అటూ ఇటూ పోతూనే ఉంటుంది. ఊపిరి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగం, వదిలినప్పుడు నెమ్మది. ఆరోగ్యంగా ఉన్న గుండె గడియారంలా కొట్టుకోదు, నాకు ఈ మాట ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. ఆ చిన్న చిన్న తేడాల్లోంచే రహస్యం తీస్తారు. ఒక్కో వ్యవధి నుంచి 4 బిట్లు (సున్నాలు, ఒకట్లు) పిండితే, మాటల్ని పక్కవాళ్ళకి అర్థం కాకుండా మార్చే 128 బిట్ల తాళంచెవికి 32 వ్యవధులు, అంటే అర నిమిషం చాలు. ఆ బిట్లు అనుకున్నంత గజిబిజిగా లేవని తర్వాత కొందరు లెక్కవేసి చూపించారు, అందుకని ఇంకాసేపు వినడం మంచిది.

మరి బాబీ మధ్యలో కునుకు తీసి ఒక కుదుపు వదిలేస్తే? అంకెలు కలవవు. కాగితం పైకి చదివి సరిచూసుకుందామంటే అందరూ వింటారు. దాదాపుగా కలిసే అంకెలు ఉన్నవాడికే పనికొచ్చే సూచన పంపే లెక్కలు ఉన్నాయి. ఆరీ జూల్స్, మార్టిన్ వాటెన్‌బర్గ్ అనే పరిశోధకులు 1999లో ఒకటి, జూల్స్, మధు సూదన్ 2002లో ఇంకోటి చెప్పారు. అవెలా పనిచేస్తాయో ఇప్పుడు వద్దు, కాలేజీకొచ్చాక చదువుకుందురు గాని.

నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే. ఒంట్లో గుండె పరికరం ఉన్న మనిషి స్పృహ తప్పి పడిపోయాడనుకోండి, డాక్టరు పాస్‌వర్డ్ ఎవరిని అడగాలి? 2013లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకొందరితో కలిసి "హార్ట్ టు హార్ట్" అని ఒక పద్ధతి చెప్పారు. డాక్టరు తన పరికరాన్ని ఆ మనిషి ఒంటికి ఆనిస్తే చాలు, అప్పటికప్పుడు కొట్టుకుంటున్న గుండె లెక్క రెండు వైపులా ఒకటైతే తలుపు తీస్తుంది. నిన్నటి లెక్క ఈరోజు చెల్లదు. వేలిముద్ర అలా కాదు, ముట్టుకున్న ప్రతి గ్లాసు మీదా వదిలేసి వస్తాం, పోయిందంటే మార్చుకోవడానికీ లేదు. (మీ ఇద్దరూ ఒకళ్ళ ఫోన్ పాస్‌వర్డ్ ఒకళ్ళకి చెప్పుకుంటున్నారని విన్నాను. దాని సంగతి వచ్చాక మాట్లాడతాను.)

అయితే బస్సు ఊగడం రోడ్డు పక్కన నిలబడ్డవాడికి కూడా కనిపిస్తుంది కదా? కనిపిస్తుంది. మొహం వీడియో తీస్తే చర్మం రంగులో వచ్చే అతి చిన్న మార్పుల నుంచి నాడి కొలిచే పద్ధతులు ఉన్నాయి. తాకకుండానే. దూరం నుంచి మిల్లీసెకన్ల దాకా సరిగ్గా పట్టడం తేలిక కాదు గానీ, అది చిన్న బెడద అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను.

సరే, ఇప్పుడు ఒక పని చేయండి. ఒక చేతిని గుండెమీద పెట్టుకుని, రెండో చేతి నాడిని ఆ చేతి పక్కన కూర్చున్నవాళ్ళని పట్టుకోమనండి. గుండె తట్టినప్పుడల్లా మీరు "ఊఁ" అనండి, నాడి తగిలినప్పుడల్లా వాళ్ళు "ఆఁ" అనాలి. తర్వాత మెల్లగా, పొడుగ్గా ఊపిరి పీల్చి వదులుతూ మళ్ళీ అదే చేయండి. ఊపిరితోపాటు వేగం ఎవరిలో ఎక్కువ మారుతోందో చూసి రాయండి. నాకన్నా మీకే ఎక్కువ మారుతుందని నా పందెం.

మీ తాతయ్య