మోసంబి తోటల్లో బెట్టను కొలిచే పద్ధతులు: నాందేడ్ సరిహద్దు నేపథ్యం

నాందేడ్ జిల్లాలోని దేగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల్లో అంబే బహార్ (జనవరి-ఫిబ్రవరి పూత) పంట తీసే మోసంబి రైతులు డిసెంబరులో తోటకు నీళ్లు ఆపేస్తారు. మరాఠీ రైతులతో కలిసి బతికే మన తెలుగు రైతులు కూడా దీన్ని ‘తాణ్’ ఇవ్వడమనే అంటారు. తేలిక నేలలో సుమారు నెలన్నర, నల్లరేగడిలో రెండు నెలల దాకా చెట్టును బెట్టకు వదిలి, ఆకు పసుపుబారి నాలుగో వంతు రాలాక తొలి తడి ఇస్తే పూత విరగబూస్తుందని లెక్క. బెట్ట చాలకపోతే పూత పలచబడుతుంది, మితిమీరితే కొమ్మలు ఎండుతాయి. ఆకు రంగు మారేసరికే చెట్టు లోపల ఎదుగుదల ఆగి ఉంటుంది కాబట్టి, కంటి అంచనా ఎంత అనుభవంతో చేసినా ఆలస్యంగానే అందుతుంది.

ఈ తోటలు విస్తరించిన తీరులోనే నీటి సమస్య ఉంది. 1990లో మహారాష్ట్ర ప్రభుత్వం పండ్లతోటల పెంపకాన్ని ఉపాధి హామీ పథకంతో ముడిపెట్టడంతో మెట్ట భూముల్లోనూ మొక్కలు నాటారు. బావులు చాలక బోర్లు వేశారు, ఆ తర్వాత డ్రిప్ వచ్చింది. 2012-13 కరువులో మరాఠ్వాడాలో, ముఖ్యంగా జాల్నా జిల్లాలో, మోసంబి తోటలు నిలువునా ఎండిపోయాయి. ట్యాంకరు నీళ్లతో చెట్లను బతికించుకోవాల్సి వచ్చిన రైతుకు ఏ చెట్టుకు ఎప్పుడు ఎంత నీరు అవసరమన్నది పూత లెక్కను దాటి తోట ప్రాణానికి సంబంధించిన ప్రశ్న అయింది.

శాస్త్రజ్ఞులు ముందు నేలను, గాలిని కొలిచారు. సన్నని రంధ్రాలున్న మట్టి గిన్నెలో నీళ్లు నింపి వేళ్ల దగ్గర పాతి, ఎండే మట్టి నీటిని ఎంత బలంగా పట్టి ఉంచుతుందో కొలిచే టెన్షియోమీటరు, ఆ లాగుడు సుమారు 80 సెంటీబార్లు (ఒత్తిడి కొలమానమైన బార్‌లో వందో వంతు సెంటీబార్) దాటితే గాలి చొరబడి పని మానేస్తుంది. బెట్ట సమయంలో నల్లరేగడి ఆ హద్దును దాటిపోవడమే కాక, నెర్రెలిచ్చి గిన్నెకూ మట్టికీ మధ్య సందు చేస్తుంది. 1948లో బ్రిటిష్ శాస్త్రవేత్త పెన్‌మన్ ఇచ్చిన, 1998లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రామాణికంగా స్థిరపరిచిన ఆవిరి లెక్కలు వాతావరణం ఎంత నీరు లాగుతుందో చెబుతాయే గాని, వేరుకు ఎంత అందిందో చెప్పవు.

చెట్టునే అడిగే మార్గం కోసం డబ్లిన్‌లో వృక్షశాస్త్రవేత్త హెన్రీ డిక్సన్ 1914 ప్రాంతంలో, ఆకును లోపల మూసి వాయువు ఒత్తిడితో దానిలోని నీటిని బయటికి నెట్టే గాజు గదితో ప్రయత్నించాడు, కానీ ఒత్తిడికి గాజు పేలిపోయింది. ఉక్కు గదితో 1965లో శాస్త్రవేత్త షోలాండర్ బృందం దాన్ని సాధించింది. మధ్యాహ్నం చెట్టు నీడభాగంలోని ఆకును రేకు సంచిలో మూసి కొంతసేపు ఉంచితే, ఆవిరి ఆగి ఆకులోని ఒత్తిడి కొమ్మ ఒత్తిడితో సమానమవుతుంది. తొడిమతో సహా దాన్ని కోసి, తొడిమ చివర బయటికి ఉండేలా గదిలో బిగించి నైట్రోజన్ వదులుతారు. కోసిన చోట నీరు తళుక్కుమన్న క్షణంలో మీటరు చూపే బార్ల సంఖ్యే చెట్టు దాహం. ప్రూన్ (ఎండబెట్టే రకం ప్లమ్) తోటల్లో ఈ కొలత నమ్మదగిన సూచిక అని కాలిఫోర్నియాలో మెక్‌కచన్, షాకెల్ 1992లో చూపారు. ఆకులు వేడెక్కే తీరును బట్టి దూరం నుంచే బెట్టను లెక్కించే సూచిని అరిజోనాలో ఇడ్సో, జాక్సన్ బృందం 1981లోనే రూపొందించింది.

నాందేడ్ రైతుకు ఈ ఒత్తిడి గదిని సొంతంగా కొనేంత అవసరం లేదని నా అభిప్రాయం. జిల్లాలోని సగరోళి కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట ఒకటి ఉంచి, బెట్ట మొదలైననాటి నుంచి తొలి తడి దాకా తేలిక నేలలో, నల్లరేగడిలో వారం వారం కొలిచి, ఆ అంకెలను ఆ ఏటి పూతతో పోల్చి రాసిపెడితే, ఏ నేలలో ఎన్ని బార్ల దగ్గర నీళ్లు వదలాలో ఇక్కడి తోటలకు సరిపోయే అంకె తేలుతుంది.