కిరాయి ఇండ్లు: నల్లగొండ ఓనర్ల అపోహలు, అసలు వాస్తవాలు

హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడినవాళ్లకు నల్లగొండలో ఉన్న ఇండ్లను కిరాయికి చూసిపెట్టడం నా పని. కిరాయి ఎంత వస్తుందన్న దానికంటే ముందు వాళ్లు అడిగేది "ఇల్లు పోదు కదా?" అనే. ఆ భయంతోనే మంచి ఇంటికి ఏండ్ల తరబడి తాళం వేసి పెడతారు. చెద పడుతుంది, మోటారు పట్టేస్తుంది.

అపోహ: కిరాయిదారు 12 ఏండ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుంది.

కాదు. మీరు ఉండమంటేనే వాళ్లు ఉంటున్నారు. అనుమతితో ఉన్నవాళ్లకు ఎన్నేండ్లు గడిచినా యాజమాన్య హక్కు పుట్టదు. మరి ఈ 12 లెక్క ఎక్కడిది? 1963 నాటి కాలపరిమితి చట్టంలో ఉంది. నోటీసు ఇచ్చి కిరాయి ఒప్పందాన్ని ముగించాక కూడా ఖాళీ చేయకపోతే, ఓనరు 12 ఏండ్లలోపు కోర్టుకు వెళ్లాలి. ఈ గడువు మీకే, దాటనివ్వకండి. బాకీ పడ్డ కిరాయికైతే గడువు మూడేండ్లే. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

నాకు టెన్షన్ పెట్టేది వేరే రకం ఇండ్లు. "మనవాడే కదా, ఉండనీ" అని కాగితం లేకుండా, రూపాయి తీసుకోకుండా అప్పగించినవి. రేపు మాట తేడా వస్తే, మీ అనుమతితోనే ఉన్నాడని చూపడానికి ఏముంటుంది? చుట్టమైనా సరే ఒప్పందం రాసుకోండి. కిరాయి తక్కువైనా ఫర్వాలేదు, బ్యాంకు ఖాతాలోనో ఫోన్‌పేలోనో వేయించుకోండి.

అపోహ: 11 నెలల అగ్రిమెంట్ అయిపోతే తాళం వేసుకోవచ్చు.

ఏడాదికి మించిన లీజునే రిజిస్టర్ చేయించాలన్న లెక్కతో 11 నెలలకు రాసుకుంటారు, అంతే. తెలంగాణలో మాత్రం ఎంత గడువు లీజునైనా రిజిస్టర్ చేయించాల్సిందే. గడువు దాటినా మీరు కిరాయి తీసుకుంటూ ఉంటే అది నెలనెలా కిరాయిగా సాగుతుంది. ముగించాలంటే, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే కోర్టే దారి. సామాను బయట పడేయడం, కరెంటు, నల్లా బంద్ చేయడం వద్దే వద్దు. బలవంతంగా బయటికి పంపితే ఆరు నెలల్లోపు దావా వేసి వాళ్లు మళ్లీ లోపలికి రావచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ఆ దావాలో అడ్డురాదు. అడ్వాన్సు ఏ రోజు తిరిగి ఇస్తారో ముందే చెబితే చాలామంది మాటతోనే వెళ్లిపోతారు.

అపోహ: కిరాయి ఇంట్లో చావు జరిగితే ఇంటికి అరిష్టం.

శవాన్ని గేటు లోపలికి రానివ్వని ఓనర్లు ఉన్నారు. కిరాయి కడుతున్నంత కాలం అది వాళ్ల ఇల్లే. ఏడుస్తున్న కుటుంబాన్ని రోడ్డు మీద నిలబెట్టే ఓనరు పక్షాన నేను మాట్లాడను. తాళాలు తీసుకునే రోజే ఈ మాట చెప్పేస్తాను.

అపోహ: గృహజ్యోతికి (ఉచిత కరెంటు పథకం) ఒప్పుకుంటే మీటరు కిరాయిదారుదవుతుంది.

2024 మార్చి నుంచి 200 యూనిట్ల వరకు వస్తున్న సున్నా బిల్లు రేషన్ కార్డు ఉన్న కిరాయిదారులకూ వర్తిస్తుంది. మీ సర్వీస్ నంబరుకు వాళ్ల కార్డు జతచేసినంత మాత్రాన మీటరు మీద పేరు మారదు. చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది. రెండు మూడు పోర్షన్లకు ఒకే మీటరు ఉంటే అందరి వాడకం కలిసి 200 దాటుతుంది, ఎవరికీ సున్నా బిల్లు రాదు, పైగా స్లాబు పెరుగుతుంది. పోర్షన్‌కొక మీటరు పెట్టించండి.

అపోహ: టైల్స్, రంగులు మారిస్తే కిరాయి పెరుగుతుంది.

మన దగ్గర ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది నీళ్ల గురించే. కృష్ణా నీళ్ల నల్లా ఉందా, బోరేనా? ఫ్లోరైడ్ ఎంత మంది ఎముకలను వంచిందో ఈ జిల్లాలో ఒకరు చెప్పాల్సిన పని లేదు. బోరు నీళ్లను కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అందుకే డబ్బులు ముందు నల్లా కనెక్షన్ మీద, సంపు మీద పెట్టండి. రంగులు తర్వాత చూసుకోవచ్చు.