పక్షవాతం తర్వాత ఫిజియో ఒక్కటే సరిపోదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పక్షవాతం వచ్చిన మనిషికి ఏం చేయిస్తున్నారని అడిగితే "ఫిజియో పెట్టించాం" అంటారు. మంచిదే. కానీ కాలూ చెయ్యీ లేపించే మనిషి కన్నా ముందే గొంతు పరీక్షించే మనిషి కావాలి.

స్పీచ్ థెరపిస్ట్ అంటే మాట నేర్పేవారని అనుకుంటాం. మింగడం కూడా వారి పనే. స్ట్రోక్ (పక్షవాతం) వచ్చిన తొలిరోజుల్లో సుమారు సగం మందికి మింగడం కష్టమవుతుంది. గుటక వేసే క్షణంలో శ్వాసనాళం మూసుకోవాలి. అది ఆలస్యమైతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది. కొందరికి పొలమారదు, దగ్గు కూడా రాదు, కాబట్టి పక్కనున్నవాళ్లకు తెలియదు. నీరసంగా ఉన్నాడని ప్రేమగా పట్టే కొబ్బరినీళ్లే ప్రాణం మీదకు తెస్తాయి. పరీక్ష అయ్యేదాకా నోటి ద్వారా ఏదీ ఇవ్వకూడదు, మాత్ర కూడా. పల్చటి నీళ్లు గొంతులో వేగంగా జారిపోతాయి. అందుకే కొందరికి గట్టిగా కాచిన చోడి (రాగి) అంబలి లాంటిది మేలు. ఎవరికి ఎంత చిక్కగా ఉండాలో మాత్రం పరీక్షించినవారే చెప్పాలి.

ఇక మాట. చాలామందిలో భాషను నడిపేది ఎడమ మెదడు. అక్కడ దెబ్బ తగిలితే కుడి చెయ్యితో పాటు మాటా పోవచ్చు. మాట రాలేదంటే మతి పోయినట్టు కాదు. అలాంటి మనిషి ముందు గట్టిగా అరవడం, ఆయన లేనట్టే ఆయన గురించి మాట్లాడుకోవడం చూస్తే బాధేస్తుంది. "అన్నమా, అంబలా?" అని చిన్నగా అడిగి, జవాబు కోసం ఆగాలి. వేలితో చూపించినా అది జవాబే.

ఫిజియోథెరపిస్ట్ పని పడక మీదే మొదలవుతుంది. పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపకూడదని ఇంటివాళ్లకు మొదట నేర్పేది వారే. భుజాన్ని పట్టి ఉంచే కండరాలు వదులైపోయి ఉంటాయి, లాగితే కీలు జారుతుంది. అలాగని తొందర కూడా పనికిరాదు. 2015లో వెలువడిన 'అవర్ట్' అధ్యయనం 2,104 మందిని పరిశీలించింది. మొదటి 24 గంటల్లోనే మొదలుపెట్టి ఎక్కువసార్లు లేపి నడిపించినవారు, మామూలు పద్ధతిలో చూసినవారి కన్నా మూడు నెలల తర్వాత కోలుకోవడంలో కాస్త వెనకబడ్డారు. మరోవైపు పక్షవాతం తగ్గుతుందని పావురం రక్తం పూస్తూ వారాలు గడిపేవాళ్లున్నారు. కోలుకోవడం అన్నిటికన్నా వేగంగా సాగేది తొలి మూడు నెలల్లోనే. ఒకే పనిని పదేపదే చేయిస్తేనే మెదడులో మిగిలిన భాగాలు ఆ పని అందుకుంటాయి. ఏ పూతా అది చేయలేదు.

ఆ పని ఏదో తేల్చేది ఆక్యుపేషనల్ థెరపిస్ట్, అంటే రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పేవారు. పొందూరులో నూలు వడికే ఆమెకు, గొల్లపల్లిలో బొబ్బిలి వీణ చెక్కే ఆయనకు, పలాసలో జీడిపిక్కలు కొట్టే మనిషికి చేతితో పడే అవసరం ఒకటి కాదు. బొత్తాం పెట్టుకోవడం, చెంబుతో నీళ్లు పోసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం కూడా ఇక్కడే మళ్లీ నేర్చుకుంటారు. కుడి మెదడు దెబ్బతిన్న కొందరికి చూపు బాగానే ఉన్నా ఎడమ వైపు అనేదే ధ్యాసలో ఉండదు. కంచంలో సగం అన్నం అలాగే వదిలేస్తారు. అది అయిష్టం కాదు, మొండితనమూ కాదు. మెల్లగా ఎడమకు తల తిప్పి వెతకడం అలవాటు చేయించాలి.

స్ట్రోక్ వచ్చినవారిలో ఇంచుమించు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది. వ్యాయామం వద్దని ముఖం తిప్పుకునేది బద్ధకంతో కాకపోవచ్చు. సైకాలజిస్ట్ దగ్గరలో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబర్ 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మన వైపు చాలా ఇళ్లలో కొడుకులు వలస పనుల్లో ఉంటారు. చూసుకునేది భార్యో, కోడలో. డిశ్చార్జికి ముందే ఆమెను పిలిపించి, మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చడం ఆమె చేతే చేయించమని థెరపిస్టును అడగండి. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకుంటే, చెన్నై నుంచి సెలవుకి వచ్చిన కొడుకు కూడా అదే పద్ధతిలో లేపగలడు.