రూపాయి మీది చుక్కకు సాక్ష్యం ఎందుకు అడుగుతారు?

నాణేల సేకర్తలు కలిసి కూర్చుకునే నుమిస్టా వంటి ఉమ్మడి కేటలాగులో ఎవరైనా ఒక ఫొటో పెట్టి, ఇదివరకు ఎక్కని రకం తమకు దొరికిందని చెబితే, దాన్ని జాబితాలో చేర్చే ముందు పరిశీలకులు ప్రశ్న మీద ప్రశ్న వేస్తారు. కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చినవారికి ఇది చాదస్తంలా కనిపిస్తుంది. మన దేశపు నాణేల మట్టుకు ఆ పట్టుదల వెనుక రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

మొఘల్ చక్రవర్తుల పేరిట వెలువడిన సిక్కా రూపాయి మీద పాలనా సంవత్సరం ఉండేది. ఏడాది పాతబడిన రూపాయి తీసుకుపోతే నాణేలు మార్చే సరాఫులు వట్టం, అంటే విలువలో కొంత కోత, పట్టుకుని గానీ మార్చేవారు కారు. ఈ బాధ తప్పించడానికి ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో షా ఆలం 19వ పాలనా సంవత్సరాన్నే ఏళ్ల తరబడి కొట్టించింది. 1835లో తులం బరువుతో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. నాలుగో విలియం రూపాయి 1840 వరకు 1835 తేదీతోనూ, విక్టోరియా తొలి రూపాయి 1862 వరకు 1840 తేదీతోనూ వెలువడ్డాయి. ఆ తర్వాతి రూపాయి మీద 1874 దాకా 1862 అన్న అంకె కదలలేదు. మరి అది నిజంగా ఏ ఏడాది అచ్చయిందో ఎలా తెలుస్తుంది? బొంబాయి టంకశాల, అంటే నాణేలు ముద్రించే కార్ఖానా, తేదీ కింద సన్నని చుక్కలు పెట్టి ఆ గుట్టును నాణెం మీదే దాచింది. ఎఫ్. ప్రిడ్‌మోర్ వంటి పరిశోధకులు ఆ చుక్కలను ఓపికగా వర్గీకరించారు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నాణెం కొట్టే ఉక్కు అచ్చుకు తుప్పు పట్టి చిన్న గుంట పడినా, దాని అంచు కాస్త పెచ్చు లేచినా, నాణెం మీద ఉబ్బెత్తు చుక్కే పడుతుంది. కంటికి రెండూ ఒకటే. ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు నాణేల మీద ఆ చుక్క ఒకే చోట ఉంటే అది అచ్చులో ఉందని మాత్రమే తేలుతుంది. వేర్వేరు అచ్చుల నాణేల మీద అదే చోట కనిపించినప్పుడే టంకశాల కావాలని పెట్టిందని నమ్మవచ్చు. నా దృష్టిలో ఈ వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన సూత్రం ఇదే.

హైదరాబాద్ నాణేల్లోనూ ఇలాంటి సూక్ష్మం ఉంది. హిజ్రీ 1329లో, అంటే 1911లో, మహబూబ్ అలీ ఖాన్ మరణించి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కినప్పుడు, వెండి రూపాయి మీది చార్మినార్ నడిమి ద్వారంలో తండ్రి పేరులోని ‘మీమ్’ అనే ఉర్దూ అక్షరం పోయి కొడుకు పేరులోని ‘ఐన్’ వచ్చింది. ఆ ఐన్ మొదట పొట్టిగా, తర్వాత నిండుగా ఉంటుంది. చేతులు మారి అరిగిన రూపాయిలో నిండు ఐన్ కూడా పొట్టిదిగానే కనిపించవచ్చు గనుక, ద్వారం చుట్టూ ఉన్న చెక్కడం పదునుగా ఉందో లేదో చూడకుండా తీర్పు చెప్పకూడదు.

స్వతంత్ర భారత నాణేల సంగతి మరింత సున్నితం. తేదీ కింద ముంబయికి వజ్రం, నోయిడాకు చుక్క, హైదరాబాద్‌కు ఐదు కోణాల నక్షత్రం గుర్తులు కాగా, కోల్‌కతాకు గుర్తే ఉండదు. 1950లలో, 60లలో హైదరాబాద్ గుర్తు కూడా నడుమ చీలిన వజ్రంగా, తర్వాత లోపల చుక్క ఉన్న వజ్రంగా ఉండేది. కాస్త అరిగితే అది బొంబాయిదైపోతుంది. 1985 రూపాయిలో వజ్రం మొదటి అంకె కింద ఉంటే ఆ నాణెం వేల్స్‌లోని లాంట్రిసెంట్‌లో ఉన్న బ్రిటిష్ రాయల్ మింట్‌లో అచ్చయినట్టు, తేదీ నడుమన ఉంటే బొంబాయిలో అచ్చయినట్టు. అచ్చులో నక్షత్రం ఉన్న చోట జిడ్డో లోహపు పొడో నిండితే హైదరాబాద్ నాణెం గుర్తు లేకుండా వెలువడి కోల్‌కతా లెక్కలో పడుతుంది. లేని గుర్తును రుజువుగా చూపడం అంత తేలిక కాదు.

1972లో మొదలైన క్రౌజ్ ప్రపంచ నాణేల కేటలాగు వంటి అచ్చు పుస్తకాల్లో తప్పు దొర్లితే, దిద్దుబాటుకు కనీసం తర్వాతి కూర్పు దాకా ఆగవలసి వచ్చేది. ఉమ్మడి కేటలాగులో ఆ తప్పును ఆ పూటే దిద్దవచ్చు, అంతే వేగంగా కొత్త తప్పును చేర్చనూ వచ్చు. పైగా కేటలాగులో ఒక వరుస ఎక్కిందంటే దాన్ని చూపి అమ్మకానికి పెట్టేవారు ఉంటారు. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ, అమ్ముతామంటూ వచ్చే మోసపు ప్రకటనల గురించి రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో జనాన్ని హెచ్చరించవలసి వచ్చింది.

అందువల్లే పరిశీలకుడు ఫొటోను వెనక్కి పంపినప్పుడు, వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడేలా తీసిన బొమ్మ, బొరుసు ఫొటోలు, గ్రాములో వందో వంతు వరకు తూచిన బరువు, అంచు మీది గీతల చిత్రం, వీలైతే వేరొకరి దగ్గరున్న అలాంటి నాణెం మరొకటి కావాలని అడుగుతాడు.