కాయిన్ సెల్ నుంచి కర్మాగారం దాకా: విశ్వవిద్యాలయ ఇంధన పరిశోధన కంపెనీగా మారిన దారి

1980 డిసెంబరులో అమెరికాలో బే-డోల్ చట్టం వచ్చేనాటికి అక్కడి ప్రభుత్వం చేతిలో దాదాపు 28 వేల పేటెంట్లున్నాయి. వాటిలో పరిశ్రమలు లైసెన్సు తీసుకున్నవి 5 శాతంలోపే. ప్రభుత్వ సొమ్ముతో కనిపెట్టింది ప్రభుత్వానిదే, అడిగినవారందరికీ ఒకేలా ఇస్తాం అన్నది అప్పటి ధోరణి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పోటీదారుకూ రేపు అదే దొరుకుతుందని తెలిశాక దానికోసం యంత్రాలు బిగించేదెవరు?

కొత్త చట్టం ఆ హక్కును విశ్వవిద్యాలయాలకు అట్టిపెట్టుకోనిచ్చింది, షరతులతో. శాస్త్రవేత్త తన ఆవిష్కరణను రాసిచ్చిన 2 నెలల్లో విశ్వవిద్యాలయం నిధులిచ్చిన సంస్థకు తెలపాలి. హక్కు తమకు కావాలో వద్దో 2 ఏళ్లలో తేల్చుకోవాలి. రాయల్టీలో ఆవిష్కర్తకు వాటా ఇవ్వాలి. తర్వాత మరికొన్ని దేశాలూ ఇటే నడిచాయి. జర్మనీ 2002లో ప్రొఫెసర్లకున్న సొంత హక్కును తీసేసి విశ్వవిద్యాలయాలకిచ్చింది. స్వీడన్ మాత్రం దాన్ని ప్రొఫెసర్ల దగ్గరే ఉంచింది.

హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన చేతిలో ఉన్నట్టు కాదు. ఇంధన రంగానికి సంబంధం లేని కేసే అయినా, 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, మందుల కంపెనీ రోష్ మధ్య అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును, ఆవిష్కరణలను కంపెనీలకు అందించే విశ్వవిద్యాలయ టెక్నాలజీ బదిలీ ఆఫీసుల్లో ఇప్పటికీ తలుచుకుంటారు. పరిశోధకుడు విశ్వవిద్యాలయానికి ‘బదలాయించడానికి అంగీకరిస్తున్నాను’ అని రాసిచ్చాడు. తర్వాత ఒక కంపెనీ (దాని హక్కులు ఆపై రోష్ చేతికొచ్చాయి) ల్యాబ్‌కు పని నేర్చుకోవడానికి వెళ్లి, ‘ఇందుమూలంగా బదలాయిస్తున్నాను’ అన్న కాగితం మీద సంతకం పెట్టాడు. మొదటిది మాట ఇవ్వడం, రెండోది ఇచ్చేయడం. విశ్వవిద్యాలయం ఓడిపోయింది. స్టార్టప్‌లో డబ్బు పెట్టేవారి లాయర్లు ముందుగా వెతికేది ఈ క్రియాపదాన్నే. ఆ తర్వాత తేదీలు చూస్తారు. పేటెంటు దరఖాస్తుకు ముందే ఆవిష్కరణ పోస్టరుగానో, బహిరంగ థీసిస్ ప్రసంగంగానో బయటికొస్తే అమెరికాలో ఏడాది గడువుంటుంది. యూరప్‌లో మాత్రం సాధారణంగా పేటెంటు పోయినట్టే.

2001లో ఎంఐటీ ప్రొఫెసర్ యెట్-మింగ్ చియాంగ్ పరిశోధన ఆధారంగా ఏ123 సిస్టమ్స్ పుట్టింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు దాని సరుకు. 2009లో షేర్ మార్కెట్‌కెక్కింది, అదే ఏడాది 249 మిలియన్ డాలర్ల ప్రభుత్వ గ్రాంటు మంజూరైంది. 2012 మార్చిలో వెల్డింగ్ యంత్రం ఒకటి సరిగా క్యాలిబ్రేట్ కాలేదని తేలింది. దానివల్ల కొన్ని సెల్స్‌లో ఒక భాగం పక్కకు జరిగింది. వాటిని మార్చి ఇవ్వడానికి 55 మిలియన్ డాలర్లు అవుతాయని కంపెనీ లెక్కగట్టింది. ఎలక్ట్రిక్ కార్లకు గిరాకీ అనుకున్నంత రాక అప్పటికే చేతిలో డబ్బు అడుగంటుతోంది. అక్టోబరులో దివాలా పిటిషన్ వేసింది. ఇక్కడ తప్పింది రసాయనం కాదు, తయారీ.

ఫ్యాక్టరీకి వెళ్లాక బయటపడే ఇబ్బందులు ల్యాబ్‌లో ముందే కనబడకపోవడానికి కారణముంది. అక్కడ పరీక్షించేది గుండీ అంత కాయిన్ సెల్. అందులో అసలు పదార్థం కొన్ని మిల్లీగ్రాములే. ఎదురుగా మందపాటి లిథియం రేకు, అవసరానికి మించి ఎలక్ట్రోలైట్ (లిథియం అయాన్లు ఈదే ద్రవం). పక్క చర్యల్లో లిథియం కరిగిపోతున్నా ఆ రేకు పూడుస్తూనే ఉంటుంది. లిథియం లెక్కగా ఉండే పూర్తి సెల్‌లో ఆ దాపరికం కుదరదు. ప్రతి విడతా, అంటే ఒకసారి చార్జి చేసి వాడినప్పుడల్లా, 99.9 శాతం లిథియమే తిరిగొస్తే 1000 విడతలకు మిగిలేది 37 శాతం. 99.99 అయితే 90 శాతం. జర్నల్ గ్రాఫులో ఈ రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడి కనిపిస్తాయి.

ఇక పూత సంగతి. ల్యాబ్‌లో స్లర్రీని, అంటే బ్యాటరీ పదార్థాన్ని ద్రావకంలో కలిపిన ముద్దను, రేకు మీద చిన్న బ్లేడుతో పూసి రాత్రంతా ఆరబెడతారు. ఫ్యాక్టరీలో రేకు చుట్ట ఆగకుండా ఓవెన్‌లోంచి పరుగెడుతుంది. త్వరగా ఆరాలని వేడి పెంచితే ద్రావకంతో పాటు పూతను రేకుకు అంటించే బైండరూ పైకి లేస్తుంది, అడుగున పట్టు తగ్గి పూత రేకును వదిలేస్తుంది. వేడి తగ్గిస్తే ఓవెన్ పొడుగు పెంచాలి, అంటే ఖర్చు.

అమెరికాలో కొత్త కంపెనీల్లో డబ్బు పెట్టే వెంచర్ పెట్టుబడిదారులు 2006-2011 మధ్య క్లీన్ ఎనర్జీలో 25 బిలియన్ డాలర్లకు పైగా పెట్టి సగానికి మించి పోగొట్టుకున్నారని 2016లో ఎంఐటీ పరిశోధకులు లెక్క తేల్చారు. వారి ఫండ్ ఆయుష్షు మామూలుగా పదేళ్లు, కొత్త పదార్థం ఫ్యాక్టరీ చేరడానికే అంత పట్టొచ్చు. ఈలోపు మార్కెట్ ధర కదలకుండా కూర్చోదు. 2008లో కిలో 400 డాలర్లు దాటిన పాలీసిలికాన్ (మామూలు సోలార్ పలకల ముడిసరుకు) 2012కల్లా 30 లోపుకు దిగింది. సిలికాన్ ఖరీదు అన్న ఒక్క ఆశ మీద నిలబడ్డ పలుచని పొర సోలార్ కంపెనీల కాళ్ల కింద నేల అలా కదిలిపోయింది.

ఇలాంటి దెబ్బలకు కట్టిన కట్లు కొన్ని ఉన్నాయి. 2009లో 400 మిలియన్ డాలర్లతో మొదలైన, ఇంధన పరిశోధనకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఆర్పా-ఈ, పరిశోధన బృందాల పక్కన మార్కెట్ తెలిసిన సలహాదారులను కూర్చోబెట్టింది. 2014లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో మొదలైన సైక్లోట్రాన్ రోడ్, శాస్త్రవేత్తకు రెండేళ్లు జీతమిచ్చి ల్యాబ్ పరికరాలు వాడుకోనిచ్చింది. బ్రేక్‌త్రూ ఎనర్జీ వెంచర్స్ అనే పెట్టుబడి సంస్థ తన ఫండ్‌కు 20 ఏళ్ల గడువు పెట్టుకుంది.

తెగని ముడి మొదటి ప్లాంటుది. దాని ఖర్చు గ్రాంటుకు మించిపోతుంది. ఇలాంటిది ఇంకోటి ఎక్కడ నడుస్తోందని బ్యాంకు అడుగుతుంది. చియాంగ్ 2017లో మరికొందరితో కలిసి పెట్టిన ఫామ్ ఎనర్జీ ఇనుము తుప్పు పట్టడం, వదలడం మీద నడిచే బ్యాటరీ చేస్తోంది. దాని తొలి ఒప్పందాల్లో ఒకటి మిన్నెసోటాలోని ఒక విద్యుత్ సహకార సంస్థతో: 1.5 మెగావాట్లు, ఏకబిగిన 100 గంటలు. అంత చిన్నది ఆగిపోయినా గ్రిడ్‌కు తెలియదు. నడిస్తే మాత్రం బ్యాంకు ముందు పెట్టడానికి లెక్కలు చేతికొస్తాయి.