సంతకం కోసం స్కాన్ చేసిన రెజ్యూమే: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో డిగ్రీ, బీటెక్ పిల్లల రెజ్యూమేలు సరిచేయడం నా పని. అంతకు ముందు బెంగళూరులో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో ఉన్నాను కాబట్టి, ఇక్కడ అప్‌లోడ్ చేసిన ఫైలు అవతల ఎట్లా కనిపిస్తుందో తెలుసు. ధర్మవరం పిల్లలైనా, గుంతకల్లు పిల్లలైనా వచ్చి చెప్పేది ఒకటే: "ఎన్నో కంపెనీలకు పెట్టినాను సార్, ఒక్క కాల్ కూడా రాలేదు." చూస్తే చదువు బాగుంటుంది, మార్కులు బాగుంటాయి. పాడైంది ఫైలు.

అపోహ: కింద సంతకం లేకపోతే రెజ్యూమే చెల్లదు.

వాస్తవం: ప్రైవేటు కంపెనీకి ఆన్‌లైన్‌లో పంపే రెజ్యూమేకు, వాళ్లు ప్రత్యేకంగా అడిగితే తప్ప, సంతకం అక్కర్లేదు. 'పై వివరాలన్నీ నిజమని' రాసే డిక్లరేషనూ అక్కర్లేదు. ఉద్యోగం ఖాయమయ్యాక జాయినింగ్ ఫారాల మీద వాళ్లే సంతకాలు చేయించుకుంటారు. ఏపీపీఎస్సీ లాంటి దరఖాస్తుల్లో ఫోటో, సంతకం అప్‌లోడ్ చేయమంటారు. అది వేరే పద్ధతి. ఆ అలవాటునే ఇక్కడికీ తెచ్చుకుంటున్నారు.

"పెడితే పోయేదేముంది సార్?" అంటారు. చాలా పోతుంది. నెట్ సెంటర్లో టైప్ చేయించి, ప్రింట్ తీసి, సంతకం పెట్టి, ఆ కాగితాన్ని మళ్లీ స్కాన్ చేసి పీడీఎఫ్ చేయిస్తారు. ఇక ఆ పీడీఎఫ్‌లో ఉండేవి అక్షరాలు కావు, కాగితం ఫోటో. మన కంటికి తేడా తెలియదు. వచ్చిన అప్లికేషన్లను సర్దుకోవడానికి కంపెనీ వాడే ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తుంది. అది ఫైల్లోంచి పేరు, ఫోన్ నంబరు, డిగ్రీ, స్కిల్స్ తీసి తన గడుల్లో నింపుకుంటుంది. అప్లికేషన్లు వందల్లో వచ్చినప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు 'టాలీ', 'జీఎస్‌టీ' అని కొట్టి వెతుకుతారు, దొరికినవి ముందు తెరుస్తారు. ఫోటోలో టాలీ అని ఎంత పెద్దగా ఉన్నా ఆ వెతుకులాటకు అందకపోవచ్చు. ఫోటోలోంచి కూడా అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కానీ స్కాన్ వంకరగా వచ్చి ఫోన్ నంబరులోని 8 కాస్తా 3 అని చదివితే, మీకు రావాల్సిన కాల్ ఇంకెవరికో పోతుంది.

కళ్యాణదుర్గం దగ్గరి పల్లె నుంచి ఒక బీకాం అమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. టాలీ బాగా వచ్చు, క్లాసులో ఫస్ట్. "నాకే ఏదో తక్కువైంది సార్" అంటుంటే నాన్న తల వంచుకొని కూర్చున్నాడు. ఫైలు తెరిస్తే పేజీ పక్కకు ఒరిగిన స్కాన్, మూలన నీలం సిరాతో సంతకం. అసలు వర్డ్ ఫైలు అడిగితే నెట్ సెంటర్ కంప్యూటర్లో ఉండిపోయిందన్నారు. అక్కడే కూర్చోబెట్టి తనతోనే మళ్లీ టైప్ చేయించి, వర్డ్‌లోంచి నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేయించాను. ఇప్పుడు పెనుకొండ దగ్గర ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తోంది. ఆ పాపకు తక్కువైంది ఏమీ లేదు. తన వివరాలు అవతలివాళ్లకు చేరలేదు, అంతే.

మీ ఫైలు ఎట్లా ఉందో మీరే చూసుకోవచ్చు. కంప్యూటర్లో పీడీఎఫ్ తెరిచి, కంట్రోల్ ఏ కొట్టి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఏమీ రాకపోతే అది ఫోటో. అక్షరాలు వచ్చినా వరస తప్పి, చదువు మధ్యలో ఫోన్ నంబరు దూరి ఉంటే రెండు కాలమ్‌ల డిజైన్ తీసేసి ఒకే కాలమ్‌లో రాసుకోండి. డీటీపీ సెంటర్లో కోరెల్‌డ్రాలో అందంగా చేయించి, అక్షరాలను కర్వ్స్‌గా, అంటే బొమ్మ గీతలుగా, మార్చి ఇచ్చినా ఇదే గతి. డబ్బులు ఇచ్చేముందు వర్డ్ ఫైలు కూడా మీ మెయిల్‌కు పంపించుకోండి.

అపోహ: నూటికి 75 రెజ్యూమేలను కంప్యూటరే చెత్తబుట్టలో వేస్తుంది, ఏటీఎస్ స్కోరు 90 దాటాలి.

వాస్తవం: ఈ 75 లెక్క ఎక్కడిదని అడిగితే చూపించినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. వాట్సాప్‌లో తిరుగుతూ పిల్లలకు టెన్షన్ పెడుతోంది. స్కోరు చెప్పే వెబ్‌సైట్లు ఎవరి లెక్క వాళ్లు వేస్తాయి. ఆ స్కోరు కంపెనీ చూడదు. దానికి డబ్బు కట్టకండి. తెల్లక్షరాల్లో స్కిల్స్ దాచి రాసే చిట్కా అసలే వద్దు. సాఫ్ట్‌వేర్ అక్షరాలను బయటికి తీసినప్పుడు అవన్నీ హెచ్‌ఆర్ ముందు బయటపడతాయి.

అపోహ: ఎవరి మెయిల్ నుంచి పంపినా ఒకటే.

వాస్తవం: నెట్ సెంటర్ మెయిల్ నుంచి పంపితే జవాబు నెట్ సెంటర్‌కే వస్తుంది. ఇంటర్వ్యూ తేదీ దాటాక తెలుసుకున్న పిల్లల్ని చూశాను. సొంత మెయిల్ పెట్టుకోండి, స్పామ్ ఫోల్డరూ చూస్తుండండి.

అపోహ: ఆధార్ నంబరు, కులం, తండ్రి వృత్తి రాస్తే నమ్మకం పెరుగుతుంది.

వాస్తవం: అవేవీ వద్దు. పేరు మాత్రం పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే రాయండి.

అపోహ: రిజిస్ట్రేషన్ ఫీజు కడితే రెజ్యూమే ముందుకు జరుగుతుంది.

వాస్తవం: జరగదు. ఉద్యోగం ఇచ్చే కంపెనీ మీ దగ్గర డబ్బు తీసుకోదు. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం. ఫీజు కట్టమని ఫోన్ వస్తే కాల్ కట్ చేసేయండి. ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వండి.