అంగడిలో దొరికిన పిల్లోడు, 160 ఏళ్ల చట్టం

కడప ఏడురోడ్ల దగ్గరో వైవీ స్ట్రీట్‌లోనో ఒక పెద్ద అంగడిలో పదహారేళ్ల పిల్లోడు ఇయర్‌ఫోన్లో డియోడరెంటో చొక్కా కింద దోపుకొని మొదటిసారి దొరికినాడనుకోండి. చట్టం ప్రకారం వాని మీద మామూలుగా ఎఫ్ఐఆర్ కట్టరు, బేడీలు వేయకూడదు, లాకప్‌లో పెట్టకూడదు. అరెస్టు, చార్జిషీటు, ముద్దాయి లాంటి మాటలు కూడా పిల్లోళ్ల విషయంలో వాడొద్దని 2015 జువైనల్ జస్టిస్ చట్టం చెప్తుంది.

కానీ మన ఊర్లలో చాలాసార్లు నడిచే కథ వేరే. బిల్లింగ్ కౌంటర్ దాటినాక సెక్యూరిటీ ఆయన "ఏయ్, నిలబడ్రా" అని కాలర్ పట్టుకుంటాడు, వెనకాల గోడౌన్‌లోకి తీసుకపోతారు, అట్టపెట్టెల మధ్య కూర్చోబెట్టి ఒకడు ఫోన్ తీసి వీడియో పెడతాడు, ఇంకొకడు రెండు తగిలిస్తాడు. వాళ్ల నాయనకు ఫోన్ పోతుంది. ఆయన ఆటో ఆపుకొని పరిగెత్తుకొచ్చి "సార్, ఈ ఒక్కసారికి ఇడ్సిపెట్టండి సార్" అని చేతులు జోడిస్తే మేనేజరు "పది రెట్లు కట్టన్నా, లేదంటే స్టేషనుకే" అంటాడు. సాయంత్రానికి ఆ వీడియో కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది. నా లెక్కలో అసలు శిక్ష అంతా ఆ గోడౌన్‌లోనే పడిపోతాంది, దాన్లో ఒక్కటి కూడా చట్టంలో లేదు. ఒకప్పుడు మాత్రం ఉండేది.

1800లో నిజాం మన రాయలసీమ జిల్లాలను ఇంగ్లీషోళ్లకు ఇచ్చేసినాక దత్తమండలాలు మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసినాయి, కాబట్టి ఇక్కడి పిల్లల మీద నడిచింది మద్రాసు చట్టాలూ కలకత్తా నుంచి వచ్చిన చట్టాలూనే. 1860లో రాసిన ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్లో ఏడేళ్ల లోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు, ఏడు నుంచి పన్నెండు లోపు అయితే వానికి తెలివి వచ్చిందా లేదా చూడాలన్నారు. అంతే, పన్నెండు దాటితే పెద్దోళ్లూ పిల్లలూ ఒకటే, దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు. ఆ వెంటనే 1864లో కొరడా దెబ్బల చట్టం వచ్చింది. దొంగతనానికి జైలు బదులు దెబ్బలు కొట్టొచ్చు, పిల్లలకైతే బెత్తంతో, బడిలో అయ్యవారు కొట్టిన మాదిరి. జైల్లో పెద్ద దొంగల పక్కన పెట్టేకంటే నాలుగు దెబ్బలు కొట్టి పంపడమే దయ అని అప్పటి దొరలు నిజంగానే అనుకున్నారు. ఈ చట్టం పూర్తిగా పోయింది 1955లో, అంటే స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిదేళ్లయినాక. గోడౌన్‌లో కొట్టేటోళ్లు తెలియక వాడతాండేది ఆ రద్దయిన చట్టాన్నే.

1876లో, మళ్లీ 1897లో రిఫార్మేటరీ స్కూళ్ల చట్టాలు వచ్చినాయి. 1897 చట్టం కింద పదిహేనేళ్ల లోపు మగపిల్లోన్ని జైలుకు బదులు ఈ స్కూలుకు పంపొచ్చు, మన వైపు అయితే చెంగల్పట్టులో ఉండేది. వినడానికి బాగుంది కానీ తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువంటే ఏడేళ్లు ఉండాల. జేబులో అణా కొట్టేసినా అంతే, అమ్మానాయనలకు దూరంగా తమిళ దేశంలో. ఆడపిల్లల సంగతి ఆ చట్టంలో లేనే లేదు.

అసలు మలుపు 1919-20 జైళ్ల కమిటీ. పిల్లలకు వేరే కోర్టు, వేరే ఇల్లు ఉండాలని వాళ్లు చెప్పినారు, దేశంలో అందరికన్నా ముందు మద్రాసే 1920లో పిల్లల చట్టం చేసింది. బెంగాల్ 1922, బొంబాయి 1924. అంటే కర్నూలు, కడప, అనంతపురం పిల్లలకు కాగితం మీద ఆ రక్షణ దేశంలో చాలామంది కంటే ముందే వచ్చింది. కాగితం మీద అని ఎందుకంటున్నానంటే అదే కాలంలో కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులనే చట్టం కూడా నడుస్తాండె. 1871 నాటి ఆ చట్టాన్ని 1911లో మార్చి మద్రాసుకూ తెచ్చినారు, ఎరుకల వాళ్లు దాని కింద నలిగినారు. ఆ ఇంటి పిల్లోడు అంగడి ముందు నిలబడితేనే అనుమానం. చట్టం పోయినా అనుమానం పోలేదు, ఇప్పటికీ గుడ్డలు మాసిన పిల్లోని వెనకే సెక్యూరిటీ తిరుగుతాడు, బైక్ మీద వచ్చినోని వెనక తిరగడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు రాష్ట్రానికొక చట్టం, వయసు కూడా తలా ఒక రకం. దేశమంతా ఒకటే అని 1986లో జువైనల్ జస్టిస్ చట్టం చేసినారు, 1987 అక్టోబర్ 2 నుంచి అమలు. కానీ దాన్లో మగపిల్లలకు 16, ఆడపిల్లలకు 18. అంటే 1995లో పదిహేడేళ్ల అన్నాచెల్లెళ్ల వరస పిల్లలిద్దరు కలిసి ఒకే అంగడిలో దొరికితే ఆ పాప జువైనల్ కోర్టుకు, ఆ పిల్లోడు మామూలు కోర్టుకు, బెయిలు రాకపోతే పెద్దోళ్ల జైలుకు. 1992లో మన దేశం బాలల హక్కుల ఒప్పందంలో చేరినా ఈ తేడా పోయింది మాత్రం 2000 చట్టంతోనే, 2001 ఏప్రిల్ నుంచి ఇద్దరికీ 18.

2012 ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత వచ్చిన 2015 చట్టం గురించి "పదహారు దాటితే పెద్దోళ్ల లెక్కేనంట కదా" అని చాలామంది అంటారు. అది కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న ఘోరమైన నేరాలకు మాత్రమే, అది కూడా పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు ముందుగా పరీక్షించినాకే. అంగడిలో దొంగతనం దాంట్లోకి రాదు. ఇక్కడ స్టేషన్ డైరీలో రాసుకొని, పిల్లోని ఇంటి పరిస్థితి రిపోర్టు తయారుచేసి, అదుపులోకి తీసుకొని ఉంటే 24 గంటల్లో బోర్డు ముందు పెడతారు. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్లలో ఒకరు ఆడవాళ్లు ఉండాల. చిన్న నేరమైతే మామూలుగా మందలింపు, కౌన్సెలింగ్, కమ్యూనిటీ సర్వీస్ లాంటివాటితో అయిపోతుంది, మరీ తప్పదంటే స్పెషల్ హోమ్ (తప్పు చేసిన పిల్లల కోసం ఉండే ఇల్లు), అది మూడేళ్లకు మించదు. నాలుగు నెలల్లో తేల్చాల, ఇంకో రెండు నెలలు పొడిగించొచ్చు, అప్పటికీ తేలకపోతే చిన్న నేరం కేసు దానంతట అదే పోతుంది. ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్‌లో కూడా ముగిసిపోయిన ఆ కేసు బయటపెట్టకూడదు.

ఇట్లాంటి దొంగతనంలో ఎఫ్ఐఆర్ పడే సందర్భం ఒకటుంది, తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోవాల: పిల్లోనితో కలిసి చేసిన ఫ్రెండుకు పద్దెనిమిది దాటి ఉంటే ఎఫ్ఐఆర్ కడతారు.

గోడౌన్ వైపు చూస్తే అక్కడ చట్టం అంగడాయన మీదికే తిరుగుతుంది. సరుకు వెనక్కు తీసుకోవచ్చు, పోలీసులకు చెప్పొచ్చు, దాన్ని ఎవరూ కాదనరు. కానీ పిల్లోన్ని రూములో బంధిస్తే అక్రమ నిర్బంధం, ఏడాది దాకా జైలు ఉంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి దాని బదులు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చినాక, ఐదువేల లోపు మామూలు దొంగతనం బెయిలిచ్చే నేరం, పోలీసులు కూడా మేజిస్ట్రేటు ఆర్డరు లేకుండా దర్యాప్తు చేయలేరు, ఇంక సెక్యూరిటీ గార్డు పట్టి ఉంచేదేముంది. సరుకు దాచే బిల్డింగులో దొంగతనం అనే పెద్ద సెక్షన్ పెడితే లెక్క మారుతుంది, దానికి ఏడేళ్ల దాకా ఉంది, అప్పుడైనా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పజెప్పాల. ఇక ఆ వీడియో. కేసులో ఉన్న పిల్లోని ఫోటో, పేరు, స్కూలు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా ఫైను, రెండూ కూడా పడొచ్చు. కొట్టేసిన డియోడరెంటు రెండొందలు.

ఇంటర్ అయిపోయి బీటెక్ చేరిన పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లోళ్లకు ఈ రక్షణ లేదు, వాళ్లది మామూలు కోర్టే. అయితే ఐదువేల లోపు, మొదటిసారి, సరుకు తిరిగిచ్చేసినారంటే మామూలు దొంగతనం సెక్షన్ కింద బీఎన్ఎస్‌లో పడే శిక్ష కమ్యూనిటీ సర్వీస్. 1958 ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదిలే దారి కూడా ఎప్పటినుంచో ఉంది, లాయరు అడగాల అంతే.

వయసు లెక్క దొంగతనం జరిగిన రోజుది, బోర్డు ముందుకు వచ్చిన రోజుది కాదు. దానికి మొదట చూసేది స్కూలు సర్టిఫికెట్టు లేదా టెన్త్ మెమో, అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ బర్త్ సర్టిఫికెట్టు, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. మన పల్లెల్లో బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు అందాజాగా వేసిన డేటే మెమోలోకి ఎక్కి ఉంటుంది, స్టేషన్‌లో చెల్లేది అదే. అందుకని వాళ్ల నాయన పది రెట్ల డబ్బులు వెతుక్కునేదానికి ముందు ఇంట్లో ఆ మెమో యాడుందో వెతికి చేతిలో పెట్టుకొని పోవాల, జిల్లా లీగల్ సర్వీసెస్‌లో పిల్లలకు లాయరు ఫ్రీ.